ఢిల్లీ – టోక్యో: టికెట్ ప్రకారం పోను 11 గంటలు, రాను 6 గంటలు... అసలు ఎంత సేపు గాల్లో ఉంటాం?

నీలిగోరింట:

జనవరి మూడో వారంలో అమ్మని తీసుకుని టోక్యో వెళ్తున్నానండి, తమ్ముడు అక్కడ పని చేస్తున్నాడు. ఢిల్లీ నుంచి హనేదాకి (టోక్యో ఎయిర్‌పోర్టుల్లో ఒకటి) డైరెక్ట్ ఫ్లైట్. అమ్మ ఇంతవరకూ విమానం ఎక్కలేదు, పైగా మోకాళ్ల నొప్పులు, షుగర్. ఎన్ని గంటలు కదలకుండా కూర్చోవాలో ముందే తెలుసుకుందామని మొన్న రాత్రి లెక్క వేయబోతే ఉన్న కాస్త క్లారిటీ కూడా పోయింది.

టికెట్‌లో ఉన్నది ఇది. వెళ్లేటప్పుడు ఢిల్లీలో రాత్రి 8:30కి బయల్దేరి మర్నాడు పొద్దున 7:50కి హనేదాలో దిగుతాం. అంటే 11 గంటల 20 నిమిషాలు. తిరుగు ప్రయాణం హనేదాలో పగలు 11:30కి మొదలై అదే రోజు సాయంత్రం 5:40కి ఢిల్లీలో. అంటే 6 గంటల 10 నిమిషాలే. దూరం చెప్పే సైట్ ఒకటి చూస్తే 5,860 కిలోమీటర్లు, ఏడు గంటల చిల్లర, రెండు వైపులా అంతే అంటోంది. ఇంకో సైట్‌లో దూరం 3,164 అని ఉంది! తమ్ముడేమో "అక్కా, వచ్చేటప్పుడే ఎక్కువ సేపు పడుతుంది, దాదాపు రెండు గంటలు ఎక్కువ" అంటున్నాడు. టికెట్ చూస్తే వచ్చేటప్పుడు సగం టైమే కదా? ఎవరి మాట నమ్మాలి?

తుని తమలపాకు:

మీ తమ్ముడి మాటే నమ్మండి 🙂

టికెట్ మీద బయల్దేరే టైమ్ బయల్దేరే ఊరి గడియారం ప్రకారం, దిగే టైమ్ దిగే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. ఆ రెండిటినీ నేరుగా తీసివేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. మీరు దిగే 7:50 అప్పటికి మన దగ్గర తెల్లవారుజామున 4:20. రాత్రి 8:30 నుంచి 4:20 దాకా అంటే 7 గంటల 50 నిమిషాలు. వచ్చేటప్పుడు ఉల్టా. మీరు హనేదాలో ఎక్కే 11:30కి మన గడియారంలో పొద్దున ఎనిమిదే. ఎనిమిది నుంచి సాయంత్రం 5:40 దాకా 9 గంటల 40 నిమిషాలు. చూశారా, మీ టికెట్లోనే ఉంది తమ్ముడు చెప్పిన తేడా, గంటా యాభై నిమిషాలు.

మూడున్నర ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, మన దేశానికి టైమ్ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్క. ఆ గీత అలహాబాద్ పక్కన మీర్జాపూర్ మీదుగా దిగి మా తుని దగ్గర్లోంచి సముద్రంలో కలుస్తుంది (అందరూ కాకినాడ అంటారు, కాకినాడకి అది కాస్త తూర్పున ఉంది, ఈ విషయంలో మాత్రం నేను తగ్గను). జపాన్ వాళ్లది 135 డిగ్రీలు, ఆకాషి అనే ఊరి మీదుగా పోతుంది. తేడా 52.5 డిగ్రీలు, గంటకి 15 డిగ్రీల చొప్పున భాగిస్తే సరిగ్గా మూడున్నర. రెండు దేశాల్లోనూ వేసవిలో గడియారం మార్చే గొడవ లేదు కాబట్టి ఏడాదంతా ఇదే తేడా.

3,164 అన్నది నాటికల్ మైళ్లు అయ్యుంటుంది, ఓడలు, విమానాల వాళ్లు వాడే కొలత, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. గుణించి చూడండి, మీ 5,860 వచ్చేస్తుంది.

మూడోకన్ను:

గడియారం సంగతి సరే కానీ నిజంగా గాల్లో ఉండే సేపు కూడా తేడా ఎందుకొస్తుంది? భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కదా, అలాంటప్పుడు టోక్యో మనకి దూరంగా జరుగుతూ ఉంటుంది, వెళ్లేటప్పుడే ఎక్కువ సేపు పట్టాలి. ఏదో తప్పుంది. లేకపోతే పాకిస్తాన్ వాళ్లు మన విమానాలకి ఆకాశం మూసేశారు కదా, అందుకని చుట్టూ తిరిగి వస్తున్నారేమో.

రన్‌వే పిచ్చోడు:

రెండూ కాదు బ్రో. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మూసింది ఢిల్లీకి పడమట. యూరప్, అమెరికా, గల్ఫ్ వైపు వెళ్లే మన విమానాలకి అది తలనొప్పి. టోక్యో తూర్పున ఉంది, ఆ దారిలో పాకిస్తాన్ రానే రాదు.

భూమి తిరగడం గురించి. నేల మీద నిలబడి ఎగిరితే మనం ఎగిరిన చోటే పడతాం, వెనక ఊళ్లో పడం, ఎందుకంటే భూమితో పాటు మనమూ గాలీ అన్నీ కలిసే తిరుగుతున్నాయి. విమానమూ అంతే, అది ఈదేది ఆ గాలిలోనే. కాబట్టి తేడా అంతా ఆ గాలి ఎటు పోతోంది అనే దాంట్లో ఉంది. 30 నుంచి 40 వేల అడుగుల ఎత్తులో, మన ఉత్తర భారతం నుంచి చైనా, జపాన్ మీదుగా, పడమర నుంచి తూర్పుకి ఒక గాలి నది పోతూ ఉంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో జపాన్ మీద అది గంటకి 200, 300 కిలోమీటర్ల వేగంతో పోవడం మామూలు విషయం, ప్రపంచంలో ఇంత బలంగా ఉండే చోట్లు చాలా తక్కువ. మీరు వెళ్లేది సరిగ్గా జనవరిలో! వెళ్లేటప్పుడు వీపున తోస్తుంది, వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. ఏటివాలున ఈది వెళ్లి, మళ్లీ ఎదురీది వచ్చేవాణ్ణి అడగండి, ఒకే దూరం రెండు వైపులా ఒకేలా ఉంటుందా అని.

ఇక దూరం. ఆ సైట్లు ఇచ్చే 5,860 తప్పు కాదు, కానీ అది గ్లోబు మీద దారం బిగించి లాగితే వచ్చే దూరం. ఆ దారం ఢిల్లీ నుంచి ఈశాన్యంగా లేచి, ఉత్తరాఖండ్ హిమాలయాలు దాటి, టిబెట్ మధ్యలోంచి, ఉత్తర చైనా, కొరియా మీదుగా టోక్యో చేరుతుంది. మామూలు మ్యాప్ మీద స్కేలు పెట్టి గీస్తే ఇది కనబడదు, గ్లోబు మీదే తెలుస్తుంది. అయితే విమానం ఆ దారిన పోదు. ఢిల్లీ నుంచి హిమాలయాల కింద నుంచి తూర్పుకి పోయి, బెంగాల్, బంగ్లాదేశ్, మయన్మార్ పై భాగం దాటి, చైనాలో కున్మింగ్ దగ్గర లోపలికి ప్రవేశించి అక్కణ్ణుంచి ఈశాన్యానికి తిరగడం ఎక్కువగా జరిగేది. ఢిల్లీ నుంచి కున్మింగ్‌కి దాదాపు 2,590, కున్మింగ్ నుంచి టోక్యోకి దాదాపు 3,700. కలిపితే 6,300 దగ్గర. అదీ ఈ రెండు ముక్కలూ తిన్నగా పోతేనే. సైట్ చెప్పిన దానికంటే తక్కువలో తక్కువ 400 కిలోమీటర్లు ఎక్కువ అన్నమాట.

ఇప్పుడు చేతి లెక్క చేద్దాం. విమానం గాలిలో సొంత వేగం గంటకి సుమారు 890 కిలోమీటర్లు అనుకోండి. దారి పొడుగునా సగటున 110 వేగంతో గాలి తోస్తే నేల మీద లెక్కకి 1,000. 6,300ని వెయ్యితో భాగిస్తే ఆరు గంటల ఇరవై నిమిషాలు. ఎదురుగాలైతే 780, అదే దూరం ఎనిమిది గంటల పైన. రెండిటికీ ఇంకో గంట కలపండి, పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ వేగం ఉండదు, రన్‌వే దాకా పాకడం ఉంటుంది, ఢిల్లీలో సాయంత్రం పూట క్యూ ఉంటుంది. 7:20, 9:05 అలా వచ్చింది కదా, మీ టికెట్‌లో ఉన్న 7:50, 9:40కి దగ్గరే. మిగిలిన అరగంట ఎయిర్‌లైన్ తన పరువు కోసం వేసుకున్న జాగ్రత్త.

ఇంకో తమాషా. పోను తోసిన గాలే రాను అడ్డుకుంటుంది కాబట్టి మొత్తం మీద చెల్లుకి చెల్లు అనుకుంటారు చాలామంది. కాదు. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ. పై లెక్కలో గాలి లేకపోతే రానూపోనూ కలిపి 14 గంటల పది నిమిషాలు, గాలి ఉంటే దాదాపు 14 గంటల ఇరవై మూడు.

నీలిగోరింట:

అమ్మో, ఇంత ఉందా! తుని గారూ, రన్‌వే గారూ థాంక్యూ అండి. తమ్ముడికి సారీ చెప్పా, వాడు స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు.

రెండు సందేహాలు. ఒకటి, 400 కిలోమీటర్లు చుట్టూ తిరగడం ఎందుకు? విమానం పర్వతాల కంటే చాలా ఎత్తులో పోతుంది కదా, ఎవరెస్ట్ కూడా 8,849 మీటర్లే. రెండు, అంత గాలి ఉంటే కుదుపులు కూడా అంతే ఉంటాయా? అమ్మకి ఈ రెండోది చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా.

రన్‌వే పిచ్చోడు:

అంతా సవ్యంగా ఉంటే టిబెట్ మీద పోవడానికి ఏ అడ్డూ లేదు. ఏదైనా తేడా వస్తే ఏమిటి అన్నదే వాళ్ల లెక్క. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోయిందనుకోండి, పైనుంచి మాస్కులు ఊడి పడతాయి. చాలా విమానాల్లో ఆ మాస్కుల్లో ఆక్సిజన్ 12 నుంచి 15 నిమిషాలు, కొన్నిట్లో 20 నిమిషాల దాకా వస్తుంది. మామూలు చోట అది చాలా ఎక్కువ, ఎందుకంటే పైలట్ అయిదారు నిమిషాల్లో 10 వేల అడుగులకి దింపేస్తాడు, అక్కడ మాస్క్ లేకుండానే ఊపిరి ఆడుతుంది. టిబెట్ మీద 10 వేల అడుగులు అంటే నేల లోపల! ఆ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు, అంటే 14,700 అడుగుల పైన, దాని మీద మళ్లీ శిఖరాలు. వందల కిలోమీటర్లు ఇదే తీరు. ఒక ఇంజన్ ఆగిపోయినా విమానం పడిపోదు కానీ ఉన్న ఎత్తులో ఉండలేక నెమ్మదిగా కిందికి జారుతుంది, అప్పుడూ ఇదే సమస్య. పోనీ దగ్గర్లో దిగుదామంటే విమానాశ్రయాలు తక్కువ, ఉన్న లాసా ఎయిర్‌పోర్టే 3,570 మీటర్ల ఎత్తులో ఉంది. ఎక్కువ ఆక్సిజన్ ఏర్పాటు చేసుకుని, ఎక్కణ్ణుంచి ఎటు తప్పించుకోవాలో ముందే దారులు గీసుకుని ఆ మీదుగా పోయే విమానాలూ ఉన్నాయి. ఆ ఖర్చూ తంటా ఎందుకని మిగతావాళ్లు చుట్టూ పోతారు. నన్నడిగితే ఆ అరగంట హాయిగా ఇచ్చేయొచ్చు.

కుదుపుల సంగతి. గాలి ఎంత వేగంగా ఉన్నా ఒకే తీరుగా ఉంటే లోపల ఏమీ తెలియదు. జెట్ స్ట్రీమ్ అంచుల్లో వేగం ఒక్కసారిగా మారే చోట కుదుపులు వస్తాయి, మబ్బు కూడా ఉండదు, తేటగా ఉన్న ఆకాశంలోనే. చలికాలంలో జపాన్ దగ్గర పడేకొద్దీ కాస్త ఉంటుంది. మన పల్లెటూరి రోడ్డు మీద బస్సెక్కినవాళ్లకి అది లెక్కలోకి రాదు. అమ్మకి చెప్పండి, చెప్పకపోతేనే భయపడతారు. బెల్టు మాత్రం నిద్రపోయేటప్పుడు కూడా వదులుగానైనా పెట్టుకునే ఉండమనండి.

తుని తమలపాకు:

జెట్ స్ట్రీమ్ గురించి ఒక ముచ్చట, ఆపుకోలేక చెప్తున్నా. దాన్ని ముందుగా కొలిచినవాళ్లలో ఒకాయన జపాన్ ఆయనే, వసబురో ఓయిషి. 1920లలో బెలూన్లు వదిలి, పైన గాలి ఎంత వేగంగా పోతోందో రాసిపెట్టాడు. ప్రపంచమంతా చదవాలని 1926లో ఆ రిపోర్టుని ఎస్పెరాంటోలో వేశాడు, అన్ని దేశాలవాళ్లకీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన భాష అది. పెద్దగా ఎవరూ చదవలేదు! తర్వాత 1944లో అమెరికా బి-29 బాంబర్లు జపాన్ మీదికి చాలా ఎత్తులో వెళ్లి, ఆ గాలికి బాంబులు ఎక్కడెక్కడో పడుతుంటే అప్పుడు తెలిసొచ్చింది వాళ్లకి.

సైతామా అక్క:

ఇక్కడ జపాన్‌లో ఏడేళ్లుగా ఉంటున్నాను, మా అత్తగారిని, మా అమ్మని ఇద్దరినీ ఇదే దారిలో తీసుకొచ్చాను కాబట్టి లెక్కలు వదిలేసి చెప్తాను.

నీలిగోరింట గారూ, టికెట్ లెక్కలో వచ్చిన ఆ 7 గంటల 50 నిమిషాలు అంటే గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా. బ్లాక్ టైమ్ అంటారు. గాల్లో ఉండేది అందులో ఒక గంట తక్కువే. కానీ అమ్మ కూర్చునేది దానికంటే ఎక్కువ! ముందే ఎక్కించి కూర్చోబెడతారు కదా, దిగేటప్పుడు పెద్దవాళ్లు చివర్న లేస్తారు. వెళ్లేటప్పుడు తొమ్మిది గంటలు, వచ్చేటప్పుడు పదకొండు గంటలు అనుకునే సిద్ధం చేయండి.

నా లెక్కలో వెళ్లేటప్పుడు కష్టం సేపు ఎక్కువని కాదు, నిద్ర ఉండదని. రాత్రి 8:30కి బయల్దేరితే భోజనం పెట్టి ట్రేలు తీసేసరికి పదిన్నర, లైట్లు ఆర్పుతారు. దిగడానికి రెండు గంటల ముందు టిఫిన్ అని మళ్లీ లైట్లు వేస్తారు, అప్పటికి మన గడియారంలో రెండున్నర కూడా కాదు. నాలుగు గంటల నిద్ర, అదీ పడితే. మొదటిసారి మా అమ్మ అర్ధరాత్రి రెండింటికి ఆమ్లెట్ ఏంటే అని నన్ను తిట్టింది. దిగిన రోజు ఏ ప్రోగ్రామూ పెట్టుకోకండి, మీ తమ్ముడికి కూడా ముందే చెప్పండి, ఇక్కడి అబ్బాయిలు ఉత్సాహంగా ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా గుడికో టవర్‌కో తీసుకెళ్తారు.

షుగర్ మాత్రల విషయం. మన దగ్గర పొద్దున ఎనిమిదికి వేసుకునేది అలాగే కొనసాగిస్తే అక్కడ పదకొండున్నర అవుతుంది. మూడున్నర గంటలు పెద్ద తేడా కాదు అనిపిస్తుంది కానీ ఇన్సులిన్ అయితే మాత్రం మీ డాక్టర్ని అడిగి, వెళ్లేటప్పుడొకటి వచ్చేటప్పుడొకటి కాగితం మీద టైములు రాయించుకోండి. మందులు చేతి బ్యాగులోనే పెట్టండి.

ఇంకోటి, బుక్ చేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, టోక్యో అని ఉంటే చాలదు, ఏ ఎయిర్‌పోర్టో చూసుకోండి. గాల్లో దూరం నరితాకి దాదాపు 5,910, హనేదాకి 5,860, అంటే యాభయ్యే తేడా. అసలు తేడా నేల మీద. నరితా ఊరికి 60 కిలోమీటర్ల దూరం, ఎక్స్‌ప్రెస్ రైలెక్కినా టోక్యో స్టేషన్‌కి సుమారు గంట. హనేదా ఊళ్లోనే ఉన్నట్టు, మోనోరైలు ఎక్కితే ఇరవై నిమిషాల్లో బయటపడొచ్చు. పెద్దవాళ్లతో అయితే రెండు మూడు వేలు ఎక్కువైనా హనేదానే. వీల్‌చైర్ కూడా ఇప్పుడే అడిగి పెట్టేయండి, మోకాళ్లు బాగున్నా సరే, ఢిల్లీ మూడో టెర్మినల్లో నడక మామూలుగా ఉండదు.

మూడోకన్ను:

భూమి సంగతి ఒప్పుకుంటున్నా, రాత్రి గిన్నెలో నీళ్లు పోసి తిప్పి మరీ చూశా 😅 అయితే జూలైలో వెళ్తే ఈ తేడా ఉండదా?

రన్‌వే పిచ్చోడు:

ఉంటుంది, తగ్గుతుంది. ఎండాకాలం, వానాకాలంలో జెట్ స్ట్రీమ్ బలహీనపడి బాగా ఉత్తరానికి జరుగుతుంది. అందుకే ఎయిర్‌లైన్లు మార్చి చివరి ఆదివారం ఒకసారి, అక్టోబర్ చివరి ఆదివారం ఒకసారి షెడ్యూల్ మార్చేటప్పుడు అదే ఫ్లైట్‌కి టైములు కొంచెం అటూఇటూ చేస్తుంటారు. పోయినసారి చూసుకున్న టైము పట్టుకుని ఈసారి కనెక్షన్ బుక్ చేసుకోకూడదు, నేను ఒకసారి అలా చేసి ఢిల్లీలో రాత్రంతా కుర్చీలో పడుకున్నా.

నీలిగోరింట:

వెళ్లి వచ్చేశాం! మాట ఇచ్చినట్టు అప్‌డేట్.

వెళ్లేటప్పుడు ఢిల్లీలో గేటు నుంచి ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలింది, పోయిందిరా అనుకున్నా. 7:25కే నేల మీద ఉన్నాం. గాల్లో ఉన్నది 6 గంటల 50 నిమిషాలు. సీటు ముందు స్క్రీన్‌లో ఒక దశలో వెనకగాలి 212, వేగం 1,120 అని చూపించింది, ఫోటో తీశా. అది శబ్దం కంటే ఎక్కువ వేగం కాదా అని తమ్ముడితో పందెం కాశాను, తేల్చండి. మ్యాప్‌లో విమానం బొమ్మ సరిగ్గా రన్‌వే గారు చెప్పినట్టే బంగ్లాదేశ్, కున్మింగ్ మీదుగానే పోయింది.

వచ్చేటప్పుడు అదే స్క్రీన్‌లో వేగం 690. అమ్మ దాన్ని చూసి "వీడెవడో కొత్త డ్రైవర్‌లా ఉన్నాడే" అంది. 8 గంటల 55 నిమిషాలు గాల్లో. సైతామా అక్కా, మీరు చెప్పిన పదకొండు గంటల లెక్క దాదాపు సరిపోయింది, వీల్‌చైర్‌కి మాత్రం మీకు దణ్ణం పెట్టాలి. అర్ధరాత్రి టిఫిన్ అమ్మ తినలేదు, నేనే రెండూ తిన్నా.

రన్‌వే పిచ్చోడు:

పందెం తమ్ముడిదే, అక్కా. ఆ ఎత్తులో చలికి శబ్ద వేగం 1,060 చిల్లర, కానీ విమానాన్ని పోల్చాల్సింది చుట్టూ ఉన్న గాలితో. 1,120లోంచి 212 తీసేస్తే 908. నడుస్తున్న రైల్లో మీరు ముందుకి నడిచినట్టే.

తుని తమలపాకు:

ఇంతకీ హిమాలయాలు కనిపించాయా? నాకు మార్చిలో ఉంది ప్రయాణం, విండో సీటు ఎటు వైపు తీసుకోవాలి?

నీలిగోరింట:

వెళ్లేటప్పుడు రాత్రి కదండీ, ఏమీ లేదు, చీకటి. వచ్చేటప్పుడు కుడి వైపు తీసుకోండి, పర్వతాలు ఉత్తరాన కాబట్టి అటే వస్తాయి. మేము తెలియక ఎడమ వైపు కూర్చున్నాం. బంగ్లాదేశ్ దాటాక కుడి వైపు వాళ్లంతా ఫోన్లు పైకెత్తేసరికి విషయం అర్థమై, అమ్మ మోకాళ్ల నొప్పులు మర్చిపోయి లేచి వెళ్లి వాళ్ల మీదుగా వంగి చూసింది. నాకు వాళ్ల తలకాయలే కనిపించాయి.